లేతు బాబాయికి రైఫిల్ కబురు

కొలంబస్, ఒహాయో
అక్టోబరు, ఆదివారం

బాబాయికి నమస్కారాలు.

పిన్ని మోకాలి నొప్పి నెమ్మదించిందని అమ్మ చెప్పింది, సంతోషం. ఈ రోజుల్లో ఉత్తరమేమిటి, ఫోను చేయవచ్చు కదా అనుకుంటారేమో. ఫోను చేస్తే అమ్మ స్పీకరు పెట్టమంటుంది. తను వినకుండా మీతో నాలుగు మాటలు చెప్పుకోవాలంటే నాకు ఈ కాగితమే దిక్కు.

మీ కోడలు పండగకు పంపిన ఫొటోలో వెనక బల్ల మీద నా రైఫిల్ విప్పి పరిచి ఉంది. అందరూ పిల్ల పట్టు పరికిణీ చూస్తే అమ్మ కళ్ళు తిన్నగా ఆ బల్ల మీదికే వెళ్ళాయి. అప్పటి నుంచి రోజూ అవే ప్రశ్నలు. ఎవరైనా బెదిరిస్తున్నారా, ఇల్లు మారకూడదా, ఆంజనేయస్వామి తాయెత్తు పంపనా అని. నేను చెబితే నమ్మదు, మీరు చెబితే నమ్ముతుంది. కాబట్టి ముందు మీకు అర్థమయ్యేలా రాస్తాను. మీరు ఆటోనగర్ మనిషి, ఇనుము భాష తెలిసినవారు. ఇందులో సగం సంగతి ఫిట్టింగు గురించే.

ఇది ఇంటి రక్షణకు కొన్నది కాదు. కాగితం మీద గురి చూసి కొట్టడానికీ, ఏడాదికి ఒకటి రెండు సార్లు అడవికి తీసుకెళ్ళడానికీ పనికివచ్చే .22 రైఫిల్. తూటా పేరు .22 లాంగ్ రైఫిల్. సీసం గుండు బరువు 40 గ్రెయిన్లు, అంటే రెండున్నర గ్రాములకు కాస్త ఎక్కువ. 1887లో ఇక్కడి స్టీవెన్స్ కంపెనీ తెచ్చిన తూటా ఇప్పటికీ పెద్దగా మారకుండా నడుస్తోంది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మన స్వప్నిల్ కుసాలే 50 మీటర్ల పోటీలో కాంస్యం గెలిచింది ఈ తూటాతోనే. అమ్మకు ముందు ఈ మాట చెప్పండి. ఒలింపిక్స్ పేరు చెబితే ఏ పనికైనా కాస్త మర్యాద వస్తుంది.

హెచ్1బీ వీసా మీద ఉన్నన్నాళ్ళూ నేను దీని జోలికి పోలేదు. తాత్కాలిక వీసా మీద వచ్చినవాళ్ళు తుపాకీ దగ్గర పెట్టుకోవడానికి ఇక్కడి కేంద్ర చట్టం ఒప్పుకోదు. వేట లైసెన్సు ఉండటం లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి గానీ, ఆ మెలికలతో నాకెందుకని ఊరుకున్నాను. గ్రీన్ కార్డు వచ్చాకే దుకాణానికి వెళ్ళాను. 4473 అనే ఫారం నింపి సంతకం పెడితే, దుకాణదారు ఎఫ్‌బీఐ వారి దగ్గర వివరాలు సరిచూసుకుని అప్పుడు చేతికిస్తాడు.

మీరు నమ్మని ముక్క ఒకటి చెబుతాను. చట్టం దృష్టిలో తుపాకీ అంటే రిసీవరు ఒక్కటే. తూటాను లోపలికి నెట్టే బోల్టు ఆడే ఆ అల్యూమినియం డబ్బా మీదే నంబరు చెక్కి ఉంటుంది. బ్యారెల్ అనే గొట్టం, ట్రిగ్గరు, చెక్క భాగం, స్ప్రింగులు మామూలు సరుకులాగా పోస్టులో ఇంటికి వచ్చేస్తాయి. మన దగ్గర 1959 ఆయుధాల చట్టం ప్రకారం విడి భాగాలు కూడా ఆయుధాల కిందికే వస్తాయి. కాబట్టి ఈ ఉత్తరం చదివిన హుషారులో మీ లేతు మీద సరదాకి కూడా ఏదీ తిప్పకండి. మిమ్మల్ని బెయిలు మీద తీసుకురావడానికి నేను విమానం ఎక్కలేను.

ఇక అసలు పని. నేను ఎంచుకున్నది రూగర్ 10/22. 1964లో వచ్చిన మోడలు. పది తూటాల మ్యాగజైను కడుపులోనే గుండ్రంగా ఇమిడిపోతుంది. దీన్ని విప్పడానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. కింద ఒక స్క్రూ తీసి, బ్యారెల్‌నూ చెక్కనూ కలిపే పట్టీ వదులు చేస్తే చెక్క ఊడి వస్తుంది. రెండు పిన్నులు వేలితో నెడితే ట్రిగ్గరు డబ్బా మొత్తం చేతిలోకి వస్తుంది. బ్యారెల్‌కు మర ఉండదు. దాని మడమ, అంటే వెనక కొస, రిసీవరు బోరులోకి జారి కూర్చుంటుంది. కింద వీ ఆకారపు దిమ్మ ఒకటి, దానికి రెండు స్క్రూలు. అవి బిగిస్తే దిమ్మ బ్యారెల్‌ను వెనక్కి లాగి పట్టుకుంటుంది. అంతే. మొదటిసారి చూసినప్పుడు, మీరైతే ఇదేమి కక్కుర్తి పని అని తిట్టి ఉండేవారనుకున్నాను. కానీ ఈ సులువు వల్లే బ్యారెల్ మార్చుకోవడం ఎవరికైనా సాధ్యమైంది, దీనికోసం విడి భాగాలు తయారు చేసే కంపెనీలు ఎన్నో పుట్టుకొచ్చాయి.

మా పక్కింటి పెద్దాయన ఒక ఫ్యాక్టరీలో డైలు, అంటే ఇనుప అచ్చులు, చేసి రిటైరైన మనిషి. గరాజులో చిన్న లేతు ఉంది. మీలాగే చెవిలో పెన్సిలు, మీలాగే మాట తక్కువ. నేను కొత్త బ్యారెల్ పెట్టి బిగించబోతుంటే ఆపి, మడమ మైక్రోమీటరుతో కొలిచి, రిసీవరు బోరు కూడా కొలిచి నా ముఖం వైపు చూశాడు. రెండింటి మధ్య మూడు తౌల ఖాళీ, అంటే అంగుళంలో వెయ్యో వంతులు మూడు. ఖాళీ ఉన్నప్పుడు కింద నుంచి దిమ్మ లాగితే బ్యారెల్ మూతి కిందికి వాలుతుంది. అలా వాలితే దుర్భిణి ఎంత సర్దినా గురి పైకి రాదు. ఆయన పలుచటి ఉక్కు రేకు కత్తిరించి మడమ కింద సగం చుట్టు వేసి, చేత్తో నెట్టి కూర్చోబెట్టాడు. పుష్ ఫిట్. సుత్తి లేదు, గ్రీజు లేదు. ఆ క్షణంలో నాకు మీరే గుర్తొచ్చారు. బేరింగు కూర్చోబెట్టేటప్పుడు "వినిపించిందా?" అని అడిగేవారు కదా, అదే చప్పుడు.

బరువైన బ్యారెల్ వేస్తే గురి ఇంకా నిలకడగా ఉంటుందని అందరూ అంటారు. నేను వేయలేదు, దానికి కారణం ఉంది. ఇక్కడికి రెండు గంటల పైచిలుకు దూరంలో, ఈరీ సరస్సు ఒడ్డున క్యాంప్ పెర్రీ అనే చోటు ఉంది. 1907 నుంచి జాతీయ గురి పోటీలు అక్కడే. అందులో .22 వాళ్ళకు రిమ్‌ఫైర్ స్పోర్టర్ అనే పోటీ ఉంది. రైఫిల్ ఏడున్నర పౌన్లకు మించకూడదు, మన లెక్కలో 3.4 కిలోలు. ట్రిగ్గరు మూడు పౌన్ల బరువు ఆపగలగాలి. నిర్వాహకులు ట్రిగ్గరుకు తూకపు గుండు తగిలించి రైఫిల్ పైకెత్తుతారు, ట్రిగ్గరు దిగితే రైఫిల్ పోటీకి పనికిరాదు. పడుకుని, కూర్చుని 50 గజాలు, నిలబడి 25 గజాలు. 60 తూటాలు, 600 మార్కులు. మామూలు జనం మామూలు రైఫిల్‌తో ఆడాలన్నదే ఆ నిబంధనల వెనక ఉద్దేశం. డబ్బున్నవాడు ఫిరంగి మోసుకొచ్చి గెలవకుండా. నాకు ఆ పద్ధతి నచ్చింది. అందుకే సన్నపాటి బ్యారెల్, మూడు పౌన్లకు కాస్త పైన సర్దిన ట్రిగ్గరు. కంపెనీ ఇచ్చిన ట్రిగ్గరు దాదాపు ఆరు పౌన్లు లాగేది. రైఫిల్ బరువే అయిదు పౌన్లు ఉంటే వేలితో ఆరు పౌన్లు లాగడమేమిటి? లాగేలోపు గురి ఎటో పోతుంది.

నేను ఎక్కువ కాలం గడిపింది మాత్రం చెక్క దగ్గర. వాల్‌నట్ చెక్క. బ్యారెల్ ఎక్కడా చెక్కకు తగలకూడదు. తూటా పేలినప్పుడు బ్యారెల్ సన్నగా అదురుతుంది, మోగుతున్న గంట మీద వేలు పెడితే నాదం మారినట్టు, చెక్క ఒకవైపు తగిలితే ఆ అదురు మారి గుండు దారి తప్పుతుంది. డాలరు నోటు రెండు మడతలు వేసి బ్యారెల్ కింద దూర్చి, మూతి నుంచి రిసీవరు దాకా లాగాలి. ఎక్కడ ఆగితే అక్కడ చెక్క తగులుతున్నట్టు. కర్ర ముక్కకు గరుకు కాగితం చుట్టి అక్కడ అరగదీయాలి, మళ్ళీ నోటు లాగాలి. వాల్‌నట్ పొడికి కాస్త చేదు వాసన, గోళ్ళ కింద నల్లగా ఉండిపోతుంది. తర్వాత అవిసె నూనె పూత. అరచేత్తో రుద్దుతూ, వేడెక్కాక వదిలేస్తూ, ఆరాక మళ్ళీ. ఆ నూనె గుడ్డ ఉండ చుట్టి మూలన పడేస్తే తనంతట తానే వేడెక్కి అంటుకుంటుందట. పెద్దాయన తీగ మీద పరిచి ఆరేయమన్నాడు. తుపాకీ వల్ల ప్రమాదమని అమ్మ భయపడుతుంటే, నిజానికి ఇల్లు తగలబెట్టగలిగేది ఆ గుడ్డ.

ఇంతా చేశాక అసలు పరీక్ష తూటాలది. ఒకే బ్యారెల్, ఒకే చెయ్యి, నాలుగైదు రకాల తూటాలు, ఒక్కో రకానికి ఒక్కో తీరు. ఎక్కువ వేగం తూటాలు నా రైఫిల్‌కు పడలేదు. అవి మూతి దగ్గర ధ్వని కన్నా వేగంగా బయలుదేరి, దారిలో ధ్వని వేగం కిందికి దిగుతాయి. ఆ దాటే చోట గుండు కుదుపుకు లోనవుతుంది. సెకనుకు 1070 అడుగుల నెమ్మది రకం మొదటి నుంచీ ధ్వని వేగం కిందే ఉంటుంది కాబట్టి ఆ కుదుపు లేదు. ధర కూడా తక్కువే, ఇలాంటి న్యాయం లోకంలో అరుదు. ఇప్పుడు గాలి లేని పొద్దున, రైఫిల్‌ను ఇసుక సంచి మీద ఆనించి 50 గజాల నుంచి కొడితే అయిదు చిల్లులూ మన పది రూపాయల బిళ్ళ కింద దాగుతాయి. చేతుల మీద పట్టి కొడితే బిళ్ళ చాలదు, సాసరు కావాలి. ఆ తేడా రైఫిల్‌ది కాదు, నాది.

గాలి మాట కూడా చెప్పాలి. గాలికి ఈ చిన్న గుండంటే లోకువ. గంటకు పది మైళ్ళ పక్కగాలికి 50 గజాల్లోనే అంగుళం దాకా జరుగుతుంది. గురి సాధన చేసే మైదానంలో గుడ్డ పీలికలు కట్టిన కర్రలు పాతి ఉంటాయి. అవి చూసి ఊపిరి సగం వదిలి ఆగి, ట్రిగ్గరు నొక్కడమే. ఆఫీసులో రోజంతా తెర ముందు కూర్చుని వచ్చిన మనిషికి ఆ గంటసేపు వేరే ఆలోచన రాదు. నాకు కావలసింది అదే.

ఇక్కడి నుంచి వచ్చే పేరా అమ్మకు చదవకండి.

సెప్టెంబరులో పెద్దాయనతో జలెస్కీ అడవికి వెళ్ళాను, ఉడుతల వేటకు. ఒహాయోలో సెప్టెంబరు 1 నుంచి జనవరి ఆఖరు దాకా అనుమతి, రోజుకు ఆరు. మొదటిసారి లైసెన్సు కావాలంటే వేట పాఠాల తరగతి పాసవ్వాలి. నేను పాసయ్యాను. తెల్లవారకముందే హికరీ చెట్టు కింద కదలకుండా కూర్చున్నాం. వెలుతురు వచ్చేసరికి పైనుంచి కాయల తొక్కలు టపటపా రాలుతున్నాయి. మొదటి ఉడుత పైకొమ్మ మీద, వెనక ఆకాశం. పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. ఈ చిన్న తూటా మైలున్నర దాకా పోగలదని డబ్బా మీదే రాసి ఉంటుంది, వెనక మట్టో మానో లేకుండా కొట్టకూడదు. రెండోది చెట్టు మొదట్లోకి దిగింది. కొట్టాను. మన ఉడుతకు రెండు మూడింతలుంది, బూడిద రంగు. వీపు మీద రాములవారి వేళ్ళ గుర్తులు లేవు, చూసుకునే కొట్టాను. అల్లం వెల్లుల్లి, మిరియాలు దట్టించి నాటుకోడిలా వండుకున్నాం. రుచి బాగుంది, కండ గట్టి. మీ కోడలు ఆ గిన్నెను ఇంట్లోకి రానివ్వలేదు, ఇప్పటికీ గరాజులోనే ఉంది. తినడానికి తప్ప కొట్టకూడదన్నది పెద్దాయన మాట, నేనూ దానికే కట్టుబడ్డాను. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద వేట నిషేధమని ఆయనకు చెబితే చాలాసేపు ఆలోచించి, అయితే మీ ఉడుతలు అదృష్టవంతులు అన్నాడు.

మళ్ళీ అమ్మకు చెప్పదగ్గ మాటలు. ఈ దేశంలో తుపాకుల వల్ల జరిగే ఘోరాలు మీరు పేపర్లో చదువుతూనే ఉన్నారు. వాటిని నేను తేలిక చేయడం లేదు, పిల్లను బడికి పంపే తండ్రిని. రైఫిల్ ఉక్కు బీరువాలో, తూటాలు వేరే గదిలో వేరే తాళంలో. రెండు తాళంచెవులూ నా దగ్గరే. పిల్లకు ఆ బీరువా అంటే నాన్న పనిముట్ల పెట్టె, అంతకుమించి తెలియదు. తెలియవలసిన వయసు వచ్చినప్పుడు నేనే చెబుతాను, దాచను.

మీతో ఒక సందేహం తీర్చుకోవాలి. రిసీవరును చెక్కకు పట్టి ఉంచేది ముందున్న ఆ ఒక్క స్క్రూనే. వెనక భాగం ఊరికే చెక్కలో ఆనుకుని ఉంటుంది. పేలినప్పుడల్లా వెంట్రుకవాసి లేస్తుందని నా అనుమానం. కొందరు వెనక ఇంకో కొస అతికించి రెండో స్క్రూ వేస్తారు. ఇంకొందరు చెక్కలో ఎపాక్సీ పోసి రిసీవరు అచ్చు పడేలా కూర్చోబెడతారు. పెద్దాయన ఎపాక్సీ వైపు మొగ్గుతున్నాడు. నాకు మాత్రం అల్యూమినియం ఒంటికి ఇంకో చిల్లు వేయాలన్నా భయమే, జిగురు మీదా నమ్మకం లేదు. డ్రాయింగు వెనక పేజీలో గీశాను, కొలతలు మిల్లీమీటర్లలో వేశాను. మీరైతే ఏం చేస్తారో తీరిక చూసుకుని రాయండి. ఫోనులో వద్దు.

పిన్నికి నమస్కారాలు, చెల్లాయికి ఆశీస్సులు.

మీ
పెద్దబ్బాయి