పద్నాలుగు పళ్ళ సంగతి

విశాఖపట్నం,
ఆదివారం రాత్రి

ఒరేయ్ ఆరో గేరూ,

నీ ఉత్తరం వచ్చి మూడు నెలలైంది. ఎంత తిట్టినా పడతాను. అమ్మ మోకాలు నయం, పాప మూడో తరగతికి వచ్చింది, ఇంటికి సున్నాలు వేయించాం. అంతే. ఇక అసలు సంగతి. ఎవరికైనా చెప్పాలని మూడు రోజులుగా కొట్టుకుపోతున్నాను.

నా హిమాలయన్ బైకుకు ముందువైపు స్ప్రాకెట్, అదే చైను తిరిగే పళ్ళ చక్రం, మార్పించాను. 15 పళ్ళది తీసి 14 పళ్ళది. ఒక్క పన్ను తేడా!

నిరుడు అనంతగిరి ఘాట్‌లో వాన గుర్తుందా? వెనక నువ్వు, రెండు సంచులు. మలుపులో రెండో గేరు దడదడలాడింది, మొదటి గేరు గీపెట్టింది. చివరికి నువ్వు దిగి నడిచావు. మొక్కజొన్న పొత్తుల అవ్వ నీతో అన్న మాట... సరే, అది రాయను. ఆ మలుపు మాత్రం నన్ను వదలలేదు.

విడిభాగాల దుకాణంలో "కొండలెక్కాలంటే పెద్దది వేయాలి" అన్నారు. వెనకదానికైతే ఆ మాట నిజం, ముందుదానికి తలకిందులు. వాదించలేదు, 14దే అడిగి తెచ్చుకున్నాను.

షెడ్డులో సెంటర్ స్టాండ్ వేసి మూత విప్పితే గ్రీజూ దుమ్మూ కలిసి నల్లటి పాకంలా పేరుకుని ఉంది. పుల్లతో గీకితే ఒక్కో పన్నూ బయటపడింది. ఒక పన్ను మీద, వెనక టైరు మీద సుద్దతో గీతలు పెట్టాను. న్యూట్రల్‌లో వెనక చక్రాన్ని ఒక్క చుట్టు తిప్పితే ముందుది రెండున్నర చుట్లకు కాస్త పైనే తిరిగింది. వెనక స్ప్రాకెట్ పళ్ళు 38, వాటిని ముందు 15తో భాగిస్తే 2.53 కదా! 14ది బిగించాక గీత దాదాపు రెండు ముప్పావు చుట్ల దాకా పోయింది: 2.71. లెక్క ముందే తెలుసు. అయినా కళ్ళారా చూస్తుంటే ఒళ్ళు జలదరించిందిరా.

బలం పెరిగిందనుకోకు. అదే 411 సీసీ ఇంజను. చక్రం దగ్గర లాగుడు సుమారు 7 శాతం పెరిగింది, ఇంజను అన్నే చుట్లు తిరిగినప్పుడు వేగం దాదాపు అంతే తగ్గింది. ముందు ఒక పన్ను తగ్గిస్తే వెనక దాదాపు మూడు పళ్ళు పెంచినట్టే. వెనక 41ది వేయాలంటే చైను పొడవూ చూసుకోవాలి. ఇక్కడ చైను కాస్త వదులైతే చక్రాన్ని వెనక్కి జరిపి బిగించారు, అంతే.

మొన్న మా ఆవిడతో, అవే సంచులతో, అదే మలుపు. రెండో గేరులోనే ఎక్కేసింది! పైన ఆపి నిన్నే తలుచుకున్నాను. ఆ రోజే ఈ పని చేసి ఉంటే...

కానీ హైవే మీద మనసు చివుక్కుమంది. మునుపు గంటకు 80 కిలోమీటర్లలో వెళ్ళే ఇంజను చుట్ల దగ్గర ఇప్పుడు 75 దాటదు. 80 పట్టుకుంటే హ్యాండిల్ వణుకుతోంది, అద్దంలో లారీలు అలుక్కుపోతున్నాయి. చివరిదైన ఐదో గేరులో ఉండి కూడా కాలు ఇంకో గేరు కోసం పైకి వెతుకుతోంది. ఇన్నేళ్ళకు నీ ఆరో గేరు అవసరం నాకూ తెలిసింది!

ఇంకొకటి, చిన్న స్ప్రాకెట్ చుట్టూ చైను ఎక్కువ వంగుతుంది, త్వరగా అరుగుతుంది. అందుకే 15ది గుడ్డలో చుట్టి దాచాను. రాజమండ్రికి నీ దగ్గరికి వచ్చేటప్పుడు అదే వేసుకుని... అయ్యో, పాప లేచి ఏడుస్తోంది. వెనక 41 సంగతి నువ్వూ లెక్క వేసి