పొగ పరీక్షలో యాక్సిలరేటర్ చివరిదాకా తొక్కించండి

సంపాదకుడికి,

సాయంత్రం ఆరు దాటితే వరంగల్‌లో పోచమ్మ మైదాన్ నుంచి ఎంజీఎం ఆసుపత్రి సెంటర్ దాకా కళ్లు మండుతున్నాయి. పొల్యూషన్ సర్టిఫికెట్ ఉన్న బండే నల్లగా పొగ వదులుతూ పోతోంది. లోపం పరీక్ష చేసే తీరులోనే ఉంది.

డీజిల్ బండిని పరీక్షించేటప్పుడు ఇంజిన్ బాగా వేడెక్కి, గేరు న్యూట్రల్‌లో ఉండాలి. ముందు రెండు మూడుసార్లు రేజ్ చేసి సైలెన్సర్‌లో పేరుకున్న మసిని వదిలించాలి. తర్వాత పొగ మీటరు గొట్టాన్ని సైలెన్సర్ లోపలికి పెట్టి, యాక్సిలరేటర్‌ను ఒక్కసారిగా చివరిదాకా తొక్కి వదలాలి. ఇలా పలుమార్లు చేసి సగటు తీయాలి. బీఎస్-4 (భారత్ స్టేజ్ అనే పొగ ప్రమాణాల్లో నాలుగోది) బండికి 50, అంతకు ముందటి వాటికి 65 హార్ట్రిడ్జ్ యూనిట్లు (పొగ ఎంత దట్టంగా ఉందో చెప్పే కొలత) దాటకూడదు. సగమే తొక్కితే పంపు పూర్తిగా డీజిల్ పంపదు, పొగ రాదు, రీడింగ్ పడిపోతుంది. మీటరు గొట్టాన్ని సైలెన్సర్ అంచున ఊరికే ఆనించినా బయటి గాలి కలిసి అంతే. అలా ఇచ్చిన సర్టిఫికెట్‌కు విలువేముంది?

నల్లటి పొగ అంటే డీజిల్ ఎక్కువ, గాలి తక్కువ. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోవడం, నాజిల్ అరిగి డీజిల్ తుంపరగా కాక చుక్కలుగా పడటం, లాగుడు పెరగాలని పంపు సెట్టింగ్ మార్చడం దీనికి కారణాలు. నీలంగా వస్తే పిస్టన్ రింగులు పోయి ఇంజిన్ ఆయిల్ కాలుతోందని అర్థం. వీటిలో ఫిల్టర్ పని పెద్ద ఖర్చేమీ కాదు.

2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్-6 డీజిల్ కార్లకు మసి పట్టే ఫిల్టర్ ఉంటుంది. నగరంలో దగ్గర దూరాలకే వాడితే అది వేడెక్కక, మసి కాలక పూడుకుపోతుంది. అప్పుడప్పుడు హైవే మీద ఇరవై నిమిషాలు ఆగకుండా నడపాల్సింది పోయి, కొందరు దాన్నే పీకించేస్తున్నారు. ఇది చాలా అన్యాయం.

దుమ్ము సంగతి వేరే. పట్టా కప్పని మొరం టిప్పర్ల నుంచి రాలిన మట్టి డివైడర్ల అంచున పేరుకుని, లారీ పోయినప్పుడల్లా లేస్తోంది. పొడి చీపురుతో ఊడిస్తే ముందుగా పీల్చేది ఊడ్చేవాళ్లే. ఏనుమాముల మార్కెట్‌కు పత్తి బండ్లు బారులు తీరేది కూడా చలికాలంలోనే. రాత్రి చల్లబడిన గాలి నేలకు దగ్గరే నిలిచిపోవడంతో పొగ పైకి పోదు.

మన ప్రమాణం ప్రకారం 24 గంటల సగటున ఘనపు మీటరు గాలిలో పీఎం 2.5 (2.5 మైక్రాన్లకు మించని సన్నటి) నుసి 60 మైక్రోగ్రాములు, పీఎం 10 (10 మైక్రాన్ల దాకా ఉండే నుసి) అయితే 100 దాటకూడదు. వార్షిక సగటుకు వారానికి రెండు రోజుల చొప్పున ఏడాదికి 104 కొలతలుంటే చాలు. ఆ సగటులో సాయంత్రపు రద్దీ కనిపించదు. రోగులు వచ్చిపోయే ఎంజీఎం సెంటర్‌లో గంట గంటకూ కొలిచే యంత్రం పెట్టి, అంకెలు అక్కడే బోర్డు మీద చూపించాలి.

రవాణా శాఖ పరీక్షా కేంద్రాలను ఆకస్మికంగా తనిఖీ చేయాలి. కాజీపేట, ములుగు రోడ్డు, ఖమ్మం రోడ్డు వైపు నుంచి వచ్చే డీజిల్ బండ్లను పొగ మీటరుతో రోడ్డు మీదే పరీక్షించాలి. కార్పొరేషన్ మట్టిని రాత్రిపూట తడిపి, యంత్రంతో ఎత్తించాలి. పత్తి సీజన్ మొదలయ్యే అక్టోబరులోపే ఈ పనులు మొదలుపెట్టాలని కోరుతున్నాం.

— కొందరు పాఠకులు, హనుమకొండ