వార్షిక నివేదిక: ఆగుంబె అడవిలో మన తెలుగు బడి పిల్లలు

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది కవి సమ్మేళనం, సంక్రాంతి ముగ్గుల పోటీ, ఆదివారం తెలుగు బడి ఎప్పటిలాగే జరిగాయి. హాలు ఇచ్చినవారికి, బొబ్బట్లు చేసిపెట్టిన అక్కయ్యలకు, బహుమతులిచ్చిన దాతలకు పేరుపేరునా కృతజ్ఞతలు.

ఈ ఏడు మనం గర్వంగా చెప్పుకోవాల్సింది ఆగుంబె యాత్ర. బెంగళూరులో పెరిగిన మన పిల్లలకు వర్షారణ్యం అంటే అమెజానే. రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి చేరే శివమొగ్గ జిల్లాలో, ఏడాదికి 7,000 మిల్లీమీటర్లకు పైగా వాన కురిసే అడవి ఉందని చాలామంది పెద్దలకూ తెలియదు. అనంతపురంలో కురిసేది సగటున 550 మిల్లీమీటర్లే.

జలగలుంటాయని కొందరు భయపడ్డా, వానల్లోనే తీసుకెళ్లాలని పట్టుబట్టాం. పిల్లలు చెట్లు కొట్టేసిన రోడ్డు వాలు నుంచి పారే నీళ్లు ఒక సీసాలో, అడవి లోపలి వాగు నీళ్లు మరో సీసాలో పట్టారు. మొదటిది ఎర్రగా ఉంది, కాసేపటికి అడుగున బురద పేరుకుంది. రెండోదాంట్లో అడుగు స్పష్టంగా కనిపించింది. వాన చినుకు ముందు ఆకుల మీద పడి, నాచు మీదుగా జారి, రాలిన ఆకుల్లో ఇంకి నెమ్మదిగా వాగులో చేరుతుందని గైడ్ చూపించారు. అక్కడ తూర్పున పడ్డ వాన మాలతి నదిగా తుంగలో కలుస్తుంది. కూడలి దగ్గర తుంగ, భద్ర కలిసి తుంగభద్రై హోస్పేట, మంత్రాలయం మీదుగా కర్నూలు చేరుతుంది. "అయితే మా తాతయ్య వాళ్లింటి కుళాయిలో వచ్చేది ఈ నీళ్లేనా?" అని ఒక పాప అడిగింది. ఆ ఒక్క ప్రశ్నతో మా శ్రమంతా తీరిపోయింది. తుంగభద్ర డ్యామ్ కట్టినప్పుడు సుమారు 133 టీఎంసీల (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగుల) నీళ్లు పట్టేది, పూడిక వల్ల ఇప్పుడు 105 చిల్లరే పడుతోంది. పూడికంతా ఈ అడవుల వైపు నుంచి వచ్చిందని కాదు. కానీ కొండ మీద చెట్టు పోతే మట్టి ఎక్కడికి చేరుతుందో పిల్లలు కళ్లారా చూశారు.

అనుమతి కాగితం కోసం తిరిగి తిరిగి విసిగిపోయాం. బయల్దేరే ముందు సాయంత్రం గానీ సంతకం కాలేదు. ఆ టెన్షన్‌లో ఉండగానే, వస్తామని పేర్లిచ్చిన వాలంటీర్లలో చాలామంది ఫోన్లు ఎత్తడం మానేశారు. పిల్లల భారమంతా తెలుగు బడి టీచర్ల మీదే పడింది. వాళ్లకు ఎంత చెప్పినా తక్కువే. రానివాళ్లను నిందించాలని కాదు, బాధతో రాస్తున్నాను.

జమాఖర్చుల పట్టిక కోశాధికారిగారు జతచేశారు. యాత్రకు తక్కువపడ్డ డబ్బు దాతల నిధి నుంచి సర్దాం.

వచ్చే ఏడు హార్న్‌బిల్ పక్షులు గూడు కట్టే ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఉత్తర కన్నడ జిల్లాలోని దాండేలి అడవికి వెళ్లాలని ప్రతిపాదన. ఆడపక్షి చెట్టు తొర్రలో చేరి ద్వారం మూసుకుంటే, మగపక్షి పండ్లు తెచ్చి సన్నని చీలికలోంచి అందిస్తుంది. అవి తిని వదిలిన గింజలతో అడవిలో కొత్త చెట్లు మొలుస్తాయి. గూళ్లను దూరం నుంచే చూస్తాం. వాలంటీర్లు ఈ సమావేశంలోనే పేర్లివ్వాలి, ఇచ్చినవారు తప్పక రావాలి.

— కార్యదర్శి