ప్రశ్నలన్నీ నాకే

మియాపూర్,
ఆదివారం మధ్యాహ్నం

బుజ్జీ,

రెండుసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదని కోపంగా ఉన్నావా? ఎత్తితే ఏడ్చేస్తానేమోనని ఎత్తలేదే. నోరు పెగలని సంగతి, కాగితం మీదైతే వస్తుందని రాస్తున్నాను. మొన్న పెళ్ళిలో పెద్దమ్మ "ఏమైనా విశేషమా?" అని అడగ్గానే నువ్వు నా చెయ్యి పట్టుకుని బంతిలోకి లాక్కుపోయావు చూడు, అప్పుడే చెప్పాల్సింది.

మేం పిల్లల కోసం చూడటం మొదలుపెట్టి ఏడాదిన్నర అయింది. మొదట్లో నెలసరి లెక్కల యాప్ ఒకటి వేసుకున్నాను. నెలంతా గులాబీ రంగు, మధ్యలో గర్భం నిలిచే వీలున్న ఐదారు పచ్చ రోజులు. ఆ రోజులొస్తే ఇంట్లో మాటతీరే మారిపోయేది. ఆయనకి అమెరికా షిఫ్టు, లాప్‌టాప్ మూసేసరికి తెల్లవారుజాము నాలుగు. "ఇవాళ పచ్చ రోజండీ" అని నిద్రకళ్ళతో నేను, ఒళ్ళు హూనమైపోయి ఆయన. మేమిద్దరం దగ్గరవడం కూడా గడువులోగా కట్టాల్సిన బిల్లులా తయారైంది. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

తీరా చూస్తే ఆ పచ్చ రోజులే తప్పు. నాకు నెలసరి 33, 34 రోజులకి గానీ రాదు. అండం విడుదలయ్యేది రాబోయే నెలసరికి ఇంచుమించు 14 రోజుల ముందట. అంటే నాకు 19 లేదా 20వ రోజు. యాప్‌లో మొదట ఉన్న 28 రోజుల లెక్క నేను మార్చలేదు, అది 14వ రోజు చుట్టూనే పచ్చ దిద్దుతూ పోయింది. వీర్యకణాలు లోపల ఐదు రోజుల దాకా బతుకుతాయి గానీ అండానికి ఆయుష్షు ఒక్క రోజే. ఎన్ని నెలలు పోయాయో లెక్కేసుకోబుద్ధి కాలేదు.

అండం ఎప్పుడొస్తుందో చెప్పే కిట్ల విషయంలో మాత్రం ఈ కాలానికి దణ్ణం పెడతాను. మన ఊళ్ళో మందుల షాపాయన మా మామయ్యగారి స్నేహితుడు, ఆయన్ని అడగాలంటే ప్రాణం పోయేది. ఇక్కడ ఫోన్‌లో నొక్కితే పావుగంటలో గుమ్మం ముందుంటుంది, ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు. స్ట్రిప్ మీద రెండో గీత మొదటిదానంత ముదురుగా వస్తే ఒకటి, ఒకటిన్నర రోజుల్లో అండం వస్తుందని లెక్క. నీకు పీసీఓడీ ఉంది కదా, నువ్వు మాత్రం డాక్టర్ని అడక్కుండా ఈ కిట్లు నమ్ముకోకు. అది ఉన్నవాళ్ళకి ఈ కిట్ పసిగట్టే హార్మోను మామూలుగానే ఎక్కువగా ఉండి గీత ఊరికే ముదురుతుందట.

థర్మామీటరూ పెట్టి చూశాను. అండం వచ్చాకే ఒళ్ళు కాస్త వేడెక్కుతుంది, అది తెలిసేసరికి ఆ నెల అయిపోతుంది. పైగా మంచం దిగకముందే, రోజూ ఒకే వేళకి చూడాలి. నాలుగింటికి తలుపు చప్పుడయ్యే ఇంట్లో అది కుదరలేదు.

ఈలోగా ఫోన్ మార్చాను, యాప్‌లో రాసుకున్న ఎనిమిది నెలల లెక్కా పోయింది. ఆ రోజు వంటింట్లో కూర్చుని ఏడ్చాను. ఇప్పుడు అమ్మలాగే గోడ క్యాలెండర్ మీద, గ్యాస్ బండ తేదీ పక్కన చిన్న చుక్క పెట్టుకుంటున్నాను.

అసలు నీతో చెప్పాలనుకున్నది ఇదీ. యాప్ అడగని ప్రశ్న లేదు, నొప్పుందా, నిద్ర పట్టిందా, తెల్లబట్ట ఎలా ఉంది, మనసెలా ఉంది. అన్నీ నన్నే. స్ట్రిప్ నాకు, థర్మామీటర్ నా నోట్లో. నాగుల చవితి ఉపవాసమూ నాకే. ఏడాదిన్నరలో ఆయన్ని ఎవరూ ఒక్క మాట అడగలేదు, నేను కూడా. పోయిన నెల డాక్టరమ్మ నా కాగితాలు పక్కన పెట్టి ఆయన వైపు తిరిగి, "లాప్‌టాప్ ఎక్కడ పెట్టుకుని పనిచేస్తారు?" అంది. ఒళ్ళోనే! 2020లో ఇంటి నుంచి పని మొదలైనప్పటి నుంచీ సోఫాలో, ఒళ్ళోనే.

మగవాళ్ళకి వీర్యకణాలు తయారయ్యే భాగం ఒంటికన్నా రెండు మూడు డిగ్రీలు చల్లగా ఉండాలట. 2005లో న్యూయార్క్ డాక్టర్లు 29 మంది కుర్రాళ్ళ ఒళ్ళో గంటసేపు లాప్‌టాప్ పెట్టించి చూస్తే అక్కడ రెండున్నర డిగ్రీల పైనే వేడి పెరిగిందట. వీర్య పరీక్షలో ఆయనకి కౌంట్ తక్కువొచ్చింది. "దీనివల్లే అని చెప్పలేను, నిద్ర కూడా సరిలేదు కదా, ముందు ఇవి మార్చండి, కొత్త కణాలు తయారవడానికి రెండున్నర నెలలు పడుతుంది, అప్పుడు మళ్ళీ చూద్దాం" అంది డాక్టరమ్మ.

ఆయన రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు తనే బల్లా కుర్చీ కొనుక్కొచ్చి, కిటికీ పక్కన వేసుకుని, "ఇన్నాళ్ళూ నువ్వొక్కదానివే మోశావు" అన్నారు. బుజ్జీ, ఆ మాట విన్నాక నాకు ఆ రాత్రి హాయిగా నిద్ర పట్టింది.

షిఫ్టు మార్చమని కూడా ఆఫీసులో అడిగారు, ఇంకా ఏమీ తేల్చలేదు. మళ్ళీ పరీక్ష సంక్రాంతి అయ్యాక. అమ్మకి ఇప్పుడే చెప్పకు. పండక్కి నువ్వు రెండు రోజులు ముందే వస్తే, డాబా మీద పడుకుని మిగతావి చెప్తాను.

నీ
అమ్ములు