పాకాల, రామప్ప చెరువుల దగ్గర సైకిల్ టూర్లకు ఊరి గైడ్లు కావాలి

సంపాదకుడు గారికి,

నమస్కారం. వరంగల్, ములుగు జిల్లాల్లో పర్యాటకం అనగానే కాటేజీలు, బోట్లు, వేలాడే వంతెనల మాటే వినిపిస్తోంది. లక్నవరంలో అవన్నీ వచ్చాయి, జనమూ వస్తున్నారు, సంతోషమే. కానీ పాకాల, రామప్ప లాంటి చెరువులను తీరిగ్గా, దగ్గరగా చూపించే ఏర్పాటు ఇంకా లేదు. దానికి సిమెంటు అక్కర్లేదు. గేర్లున్న సైకిళ్లు ఓ పది, ఆ చెరువును చిన్నప్పటి నుంచి ఎరిగిన ఊరి పిల్లలు నలుగురైదుగురు ఉంటే మొదలుపెట్టవచ్చు. ఆ పిల్లలకు ప్రభుత్వమే గైడ్లుగా శిక్షణ ఇప్పించాలని అడగడానికే ఈ ఉత్తరం.

పోయిన చలికాలం మా హన్మకొండ సైక్లింగ్ బృందంలో కొందరం సూళ్లూరుపేట వైపు వెళ్లి, గైడ్ వెంట పులికాట్ ఒడ్డున మౌంటెన్ బైకుల మీద, అంటే మట్టి దారుల్లో తొక్కే గేర్ల సైకిళ్ల మీద తిరిగాం. మన దేశ తీరంలో చిలికా తర్వాత అంత పెద్ద ఉప్పునీటి సరస్సు అదే. సముద్రానికీ దానికీ మధ్య శ్రీహరికోట దీవి అడ్డంగా ఉంటుంది. నీళ్లు వెనక్కి తగ్గిన చోట నేల గట్టిగానే కనిపిస్తుంది, చక్రం పెడితే దిగబడిపోతుంది. ఎక్కడ తొక్కాలో, ఎక్కడ దిగి నడవాలో కొత్తవాళ్లకు తెలియదు.

మా గైడ్ అక్కడి మత్స్యకారుల అబ్బాయి. బయల్దేరే ముందు ఒక్కో సైకిల్ దగ్గర గొంతుక్కూర్చుని, టైరును బొటనవేలితో నొక్కి చూసి, కాస్త గాలి తీసేశాడు. టైరు రాయిలా ఉంటేనే బండి బాగా పోతుందని అలవాటుపడ్డ మాకు అది వింతగా తోచింది. "ఇసకలో గాలి తక్కువుంటేనే టైరు వెడల్పై పట్టు దొరుకుతుందక్కా" అన్నాడు. మధ్యాహ్నానికి సముద్రపు గాలి ఎదురు తిరుగుతుందని పొద్దున్నే తీసుకెళ్లాడు. నీళ్లలో ఫ్లెమింగోలు కనిపించగానే, ఇంకా చాలా దూరం ఉండగానే, అందరినీ దిగమన్నాడు. తలలు దించి మేస్తున్న పక్షులు ఒక్కసారిగా మెడలెత్తాయంటే అదే మన హద్దు, ఇక వెనక్కి రావాలి అని చెప్పాడు. ఎగరగొడితే వాటి మేత పోయినట్టే, పైగా అలసట. ఫోటో కోసం ఇంకా ముందుకు పోబోయిన మా బృందంలోని ఒకరిని మొహమాటం లేకుండా ఆపేశాడు. చేపలు, రొయ్యలు పట్టే చోట్లను కుటుంబాలు వంతుల ప్రకారం పంచుకునే 'పాడు' పద్ధతి గురించి దారిలో చెబుతూ వచ్చాడు. తిరిగొచ్చాక చైన్లకు ఉప్పు పట్టి తుప్పెక్కకుండా మంచినీళ్లతో కడిగించి, నూనె వేయించాకే వదిలిపెట్టాడు.

ఇవన్నీ బోర్డు మీద రాసిపెడితే ఎవరు చదువుతారు? మనిషి పక్కన ఉండి చెప్పాడు కాబట్టి మనసుకెక్కాయి. దారి ఎలాగో దొరుకుతుంది, అలాంటి మనిషిని తయారుచేసుకోవడమే అసలు పని.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. పాకాల చెరువు కాకతీయ గణపతిదేవుడి కాలం నాటిది, అంటే 800 ఏళ్ల ముచ్చట. గుట్టల నడుమ కట్ట వేసి వాగును ఆపారు. ఈ నీళ్లు మున్నేరుగా సాగి కృష్ణలో కలుస్తాయి. అక్కడికి దగ్గర్లోనే ఉన్న రామప్ప, లక్నవరం నీళ్లు మాత్రం గోదావరి వైపు పోతాయి. ఇంత దగ్గరి చెరువులు రెండు మహానదుల వైపు ఎలా మళ్లాయో కారులో పోతే ఎప్పటికీ తెలియదు. సైకిల్ మీద ఎక్కుడు, దిగుడు కాళ్లకు తగులుతాయి కాబట్టి నేల వాలు దానంతటదే అర్థమవుతుంది. తూము ఎక్కడుంది, మత్తడి ఎటు దుంకుతుంది, ఆయకట్టు ఎంతవరకు పారుతుంది అని ఒక్కొక్కటీ ఆగి చూడవచ్చు.

రామప్ప గుడి 1213లో రేచర్ల రుద్రుడు కట్టించినది. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాక సందర్శకులు పెరిగారు. అయితే చాలామంది గుడి చూసి, ఫోటోలు దిగి, అటునుంచి అటే వెళ్లిపోతున్నారు. పక్కనే ఉన్న చెరువు కట్ట ఎక్కేవాళ్లు తక్కువ. గుడి, చెరువు, ఊరు కలిపి చూస్తేనే కాకతీయుల తెలివి ఏమిటో తెలుస్తుంది. సగం చూసి పోవడం చూస్తే నాకు బాధేస్తుంది.

గైడ్లు ఎక్కడి నుంచి వస్తారని ఎవరైనా అడగవచ్చు. మన ఊళ్లలో తూము తీసి, నీళ్లు పంచే నీరటి ఉండేవాడు. ఆ కుటుంబాల్లో ఇప్పటికీ చెరువు సంగతులు తెలిసిన పెద్దలున్నారు. చేపలు పట్టేవాళ్ల పిల్లలకు ఏ మూల లోతో, ఏ కాలంలో ఏ పిట్ట వస్తుందో తెలుసు. తాడ్వాయి, గోవిందరావుపేట వైపు కోయ యువకులకు అడవి కొట్టినపిండి. 2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం అడవిలో వేల చెట్లు ఒక్కసారిగా నేలకూలాయి. ఆ చోటు దగ్గర ఆగి, అడవి మళ్లీ ఎలా లేస్తోందో చూపించగలిగేది అక్కడే పుట్టి పెరిగినవాళ్లే. వీళ్లకు నేర్పాల్సినవి సైకిల్ రిపేరు, పంక్చర్, ప్రథమ చికిత్స, పదిమంది ముందు మాట్లాడే పద్ధతి. మిగతాది వాళ్లే మనకు నేర్పుతారు.

గైడ్ లేకుండా పోవడం ఈ చెరువుల దగ్గర మంచిది కాదు కూడా. పాకాల అభయారణ్యం. చెరువులో మొసళ్లున్నాయి, అడవిలో ఎలుగుబంట్లున్నాయి, ఫోన్ సిగ్నల్ అందని చోట్లున్నాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలోకి అడుగుపెట్టాలంటే అనుమతి కావాలి. కాబట్టి ఏ దారిలో పోవాలి, ఏ వేళ వరకు ఉండాలి అన్నది అటవీ శాఖే తేల్చాలి. ఒక బృందంలో ఎనిమిది మందికి మించకూడదు. ఒక గైడ్ ముందు, ఇంకొకరు వెనక ఉండాలి, పొద్దు గుంకే లోపు అందరూ బయటికి రావాలి. వానాకాలం బురద చక్రాలకు చుట్టుకుంటుంది, ఎండాకాలం ఎండుటాకులకు నిప్పంటుకునే భయం ఉంటుంది. కార్తీకం నుంచి మాఘం దాకా నడిపితే సరిపోతుంది. మేడారం జాతర ఉన్న ఏడాది ఆ రోజుల్లో అటువైపు ఆపేయాలి, ఆ రద్దీలో సైకిళ్లకు చోటుండదు.

సైకిల్ ట్రాక్ వేస్తే పోలేదా అనేవాళ్లూ ఉంటారు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో సోలార్ పైకప్పుతో 23 కిలోమీటర్ల ట్రాక్ వచ్చింది. నగరానికి అది మంచిదే. కానీ 800 ఏళ్లుగా నీళ్లను ఆపుతున్న కట్టను ట్రాక్ కోసం తవ్వడం, అడవి అంచున కాంక్రీటు పోయడం నాకు ఏ మాత్రం సమ్మతం కాదు. మౌంటెన్ బైకు ఉన్నదే మట్టి బాట కోసం. పశువులు నడిచే దారి, బండ్ల బాట దానికి చాలు.

ఆడవాళ్ల సంగతి కూడా చెప్పాలి. మా బృందంలో సైకిల్ తొక్కే అక్కచెల్లెళ్లు చాలామందే ఉన్నారు. అడవి దారి అనేసరికి వాళ్లకూ, ఇంట్లోవాళ్లకూ టెన్షన్. గైడ్లలో సగం మంది ఊరి అమ్మాయిలే ఉంటే ఆ భయం చాలావరకు పోతుంది. మధ్యాహ్నం భోజనం మహిళా సంఘాలకు అప్పగిస్తే జొన్నరొట్టె, చెరువు చేపల పులుసు దొరుకుతాయి, డబ్బులు ఊళ్లోనే ఉంటాయి. ఈ పని కాంట్రాక్టరు చేతిలో పడితే మాత్రం ఆ పిల్లలు రోజు కూలీలుగా మిగులుతారు. టికెట్ డబ్బుల్లో గైడ్ వాటా ఎంత, చెరువు బాగుకు ఎంత అని ముందే కాగితం మీద రాసిపెట్టాలి.

వరంగల్‌కు సైకిల్ కొత్త కాదు. నగరాల్లో సైకిల్ వాడకం పెంచడానికి కేంద్రం 2020లో మొదలుపెట్టిన సైకిల్స్ ఫర్ చేంజ్ పోటీలో ఎంపికైన 11 నగరాల్లో మనదీ ఒకటి. ఆ ఉత్సాహం నగరం దాటి చెరువుల దాకా రావాలి.

వరంగల్, ములుగు జిల్లాల కలెక్టర్లు, అటవీ, పర్యాటక శాఖల అధికారులు వచ్చే కార్తీకంలోపు ఒకసారి కూర్చుని మాట్లాడాలని కోరుతున్నాను. ముందుగా పాకాల ఒక్కచోట, ఖానాపురం, నర్సంపేట మండలాల నుంచి ఎంపిక చేసిన యువతీ యువకులతో ఒక చలికాలం నడిపి చూడండి. శిక్షణ సమయంలో సైకిల్ రిపేరు నేర్పడానికి మా బృందంలోని వాళ్లు డబ్బులు తీసుకోకుండా వస్తారు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
హన్మకొండ