వార్షిక నివేదిక: ఈ ఏడాది మన పని, పిడి దగ్గర నుంచి

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన మినియేచర్ పెయింటింగ్ (చిన్న చిన్న ప్లాస్టిక్, లోహపు, రెజిన్ ప్రతిమలకు రంగులు వేసే) సంఘం ఎక్కువగా పట్టించుకున్నది ఒక్కటే: రంగు వేసేటప్పుడు బొమ్మను ఎలా పట్టుకోవాలి? కొత్తగా చేరినవాళ్లు బ్రష్షుల గురించి, రంగుల గురించి అడుగుతారు గానీ దీన్ని ఎవరూ అడగరు. సమావేశాలకు తెచ్చిన బొమ్మల్లో భుజాల మీద, మోకాళ్ల దగ్గర, కత్తి అంచున రంగు లేచిపోయి ఉంటే, చాలాసార్లు దానికి కారణం మన వేళ్లే. చర్మపు జిడ్డు తగిలినచోట ప్రైమర్, అంటే రంగుకు ముందు వేసే పూత, సరిగా పట్టదు. పట్టిన రంగు కూడా చివర్లో కాపుగా వేసే వార్నిష్ పడేదాకా రాపిడికి తట్టుకోలేదు. లోహపు బొమ్మల్లో ఈ బాధ ఇంకా ఎక్కువ.

అందుకే వర్క్‌షాపులు పిడితో మొదలుపెట్టాం: బొమ్మను దాని మీద అంటించి, బొమ్మను తాకకుండా పిడినే పట్టుకుని రంగు వేయాలి. ఖాళీ మాత్రల డబ్బా అయినా, లావుపాటి బిరడా అయినా సరే, అరచేతి నిండా ఇమడాలి. సన్నటి పిడిని బిగించి పట్టుకుంటే కాసేపటికే వేళ్లు తిమ్మిరెక్కుతాయి, గీత వణుకుతుంది. డబ్బా మరీ తేలికగా ఉంటే లోపల కాస్త ఇసుక పోయండి, ఒరిగిపోదు.

పిడికి బొమ్మను దేనితో అంటించాలన్న దాని మీద చర్చ గట్టిగానే జరిగింది. పోస్టర్లు అంటించే బ్లూటాక్ అందరికీ సులువు, బేస్ (బొమ్మ నిలబడే అడుగు బిళ్ల) ఉన్న ప్లాస్టిక్ బొమ్మకు చాలు. కానీ వేడికి మెత్తబడుతుంది, బరువైన లోహపు బొమ్మ మెల్లగా పక్కకు వాలిపోతుంది. పాదాల కింద ఒక్క చుక్క సూపర్ గ్లూ పైకి లాగితే ఊడదు గానీ, పక్కనుంచి చిన్న దెబ్బ తగిలితే పుటుక్కున వదిలేస్తుంది.

బేస్ లేని లోహపు, రెజిన్ బొమ్మలకు పిన్ను వేయడమే మేలని నా గట్టి అభిప్రాయం. చేతి డ్రిల్లుకు 1 మి.మీ. బిట్ బిగించి, మడమ కింద నుంచి కాలి లోపలికి నిటారుగా, నెమ్మదిగా తిప్పాలి. రెండు తిప్పులకోసారి బయటికి తీసి పొడి దులపండి. చీలమండ సన్నగా ఉంటే ముందు నుంచీ పక్క నుంచీ చూసుకుంటూ వెళ్లాలి, లేకపోతే బిట్ పక్కకు చీల్చుకుని వచ్చేస్తుంది. రంధ్రంలో పేపర్ క్లిప్పు తీగ ముక్కను గ్లూతో నిలబెట్టి, రెండో కొస బిరడాలో గుచ్చితే సరి. రంగు పూర్తయ్యాక అదే తీగ బేస్‌లోకి దిగుతుంది. ఇందుకోసం సంఘం తరఫున కొన్ని చేతి డ్రిల్లులు కొన్నాం, సభ్యులు ఇంటికి తీసుకెళ్లవచ్చు.

ప్రైమర్ స్ప్రే చేసే రోజున చెక్క పట్టీకి రెండువైపులా అంటుకునే టేపు వేసి బొమ్మలన్నీ వరసగా నిలబెట్టాం. మధ్యలో ఖాళీ వదిలితేనే పక్కలకు కూడా స్ప్రే అందుతుంది.

జమాఖర్చుల పట్టిక విడిగా పంపాం. వచ్చే ఏడాది మొదటి వర్క్‌షాపు డాలు, అంగీ లాంటి భాగాలను విడిగా క్లిప్పులకు పట్టించి రంగు వేయడం మీద. వాటి అతుకు దగ్గర టేపు వేసి ఉంచండి. రంగు మీద గ్లూ వేస్తే ఆ రంగుతో సహా ఊడి వస్తుంది.

ఇట్లు,
కార్యదర్శి