టీకా కార్డు ఒకసారి తీసి చూడండి

తల్లిదండ్రులకు నమస్కారం.

నెలాఖరున రావలసిన వార్తాలేఖను వారం ముందే రాస్తున్నాను. సోమవారం సాయంత్రం నుంచి వాట్సాప్ గ్రూపుల్లో ఏం నడుస్తోందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. బడి మూసేస్తున్నారని ఒకరు రాశారు, పదిమందికి గవదబిళ్లలు (మంప్స్) సోకాయని మరొకరు, ఆ పిల్లవాడి ఇల్లు ఫలానా వీధిలో అని ఇంకొకరు. మొదటి రెండూ అబద్ధాలు. మూడోది ఒక పసివాడి గురించి ఎవరూ రాయవలసిన మాట కాదు. దయచేసి తీసేయండి.

జరిగినది ఇది. ఐదో తరగతి బాబు ఒకరు సోమవారం మధ్యాహ్నం పులిహోర ముద్ద నోట్లో పెట్టుకోగానే ఎడమ దవడ పట్టుకుని ఏడ్చేశాడు. పక్కన కూర్చున్న స్నేహితుడు చెవి కింద వాపు చూశాడు. నవ్వలేదు, వెక్కిరించలేదు, నలుగురికీ చాటలేదు. నేరుగా వచ్చి టీచరుగారి చెవిలో చెప్పాడు. పదేళ్ల పిల్లవాడికి ఇంత వివేకం ఎక్కడిదా అని అప్పటి నుంచి ఆలోచిస్తూనే ఉన్నాను. ఆ అబ్బాయి అమ్మానాన్నలకు ఫోను చేసి చెప్పాను కూడా. పులుపు తగిలితే నోట్లో నీరూరుతుంది కదా, ఆ నీరు ఊరే గ్రంథే వాచినప్పుడు ప్రతి ముద్దా నరకమే. సాయంత్రం పిల్లల డాక్టరు చూసి గవదబిళ్లలు కావచ్చన్నారు. పరీక్షతో ఇంకా నిర్ధారణ కాలేదు కనుక నేనూ ‘కావచ్చు’ అనే అంటున్నాను.

మంగళవారం ఆ బాబు తల్లి టీకా కార్డు పట్టుకుని నా గదికి వచ్చారు. ఆవిడ అనుమతితోనే ఇది రాస్తున్నాను. కార్డులో అన్ని గళ్లూ నిండి ఉన్నాయి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చెప్పిన ప్రతి తేదీకీ బిడ్డను ఎత్తుకుని వెళ్లిన తల్లి ఆవిడ. ‘అన్నీ వేయించాను మేడమ్, ఇది ఎలా వచ్చింది’ అని అడిగారు. అన్నీ వేయించారు, నిజమే. కానీ ప్రభుత్వం ఉచితంగా వేసే ఎం.ఆర్. టీకా తట్టు, రుబెల్లా రెండింటికే. 2017 ఆగస్టులో మన రెండు రాష్ట్రాల్లో బడులకు వచ్చి పిల్లలందరికీ వేసినదీ అదే. గవదబిళ్లలకు కూడా పనిచేసేది ఎం.ఎం.ఆర్. ఒక్క ‘ఎం’ తేడా. అది ప్రభుత్వ పట్టికలో లేదు, ప్రైవేటు ఆసుపత్రుల్లో డబ్బు పెట్టి వేయించుకోవాలి. భారతీయ పిల్లల వైద్యుల సంఘం మాత్రం తొమ్మిదో నెలలో, పదిహేనో నెలలో, మళ్లీ నాలుగు నుంచి ఆరేళ్ల మధ్యలో వేయించమని చెబుతోంది. ఈ సంగతి ఆ తల్లికి ఎవరూ చెప్పలేదు. నిర్లక్ష్యం చేసిందని గ్రూపులో రాసినవారు ఈ రాత్రి తమ ఇంట్లో కార్డు తీసి చూడాలని కోరుతున్నాను. మూడో, నాలుగో తరగతుల కార్డులు నేను ఈ వారం స్వయంగా చూశాను. సగానికి పైగా వాటిలో ఆ ‘ఎం’ లేదు.

టీకా వేయించుకోని పిల్లలకు ఇప్పుడైనా వేయించవచ్చు. ఎన్ని డోసులు, ఎంత ఎడంతో అన్నది మీ డాక్టరు చెబుతారు. ఇప్పటికే వైరస్ ఒంట్లోకి వెళ్లి ఉంటే ఈసారికి ఆపలేకపోవచ్చు గానీ ముందుముందుకు రక్షణ ఉంటుంది. ఎం.ఎం.ఆర్. వల్ల ఆటిజం వస్తుందని ఒక ఆడియో తిరుగుతోంది. దానికి మూలం 1998లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన వ్యాసం. తప్పుల తడక అని తేలి ఆ పత్రికే 2010లో దాన్ని వెనక్కి తీసుకుంది. ఆ తర్వాత కూడా ఆ భయాన్ని పిల్లల మీద రుద్దడం అన్యాయం.

ఇక కొన్ని మాటలు మెత్తగా చెప్పాలని ప్రయత్నిస్తాను. ఉదయం జ్వరం చూసి, పారాసిటమాల్ వేసి, యూనిఫాం తొడిగి బస్సెక్కించడం మన బడిలో కొత్త కాదు. పదకొండు గంటలకు మందు ప్రభావం దిగిపోతుంది, బిడ్డ బల్ల మీద వాలిపోతుంది, మేము ఫోను చేస్తే ఎత్తేవారుండరు. మీ ఉద్యోగాల ఒత్తిడి నాకు తెలియనిది కాదు. అయినా గవదబిళ్లలు వాపు కనిపించడానికి రెండు రోజుల ముందు నుంచే తుంపర్ల ద్వారా, ఎంగిలి ద్వారా ఇతరులకు అంటుకుంటాయి. వాపు వచ్చాక ఐదు రోజులు బిడ్డ ఇంట్లోనే ఉండాలి. పరీక్ష ఉన్నా సరే, ట్యూషన్ ఉన్నా సరే. సోకిన తర్వాత బయటపడటానికి మామూలుగా పదహారు నుంచి పద్దెనిమిది రోజులు, ఒక్కోసారి ఇరవై ఐదు రోజుల దాకా పడుతుంది. కనుక ఐదో తరగతి తల్లిదండ్రులు వచ్చే నెల మూడో వారం వరకు పిల్లల దవడలు రోజూ తడిమి చూడండి. ఒకే నీళ్ల సీసాను నలుగురు నోట పెట్టుకుని తాగడం మానిపించమని జూన్ నుంచి అడుగుతున్నాను. ఎవరి సీసా వారికి ఉండాలి, దాని మీద పేరు ఉండాలి.

మెడలో బంగారు గొలుసు వేస్తే వాపు దిగుతుందని పెద్దవాళ్లు అంటారు. వారి మాట మీద నాకు గౌరవమే, కానీ గొలుసుతో బడికి పంపకండి. వాపు దానంతట అదే దిగుతుంది. ఇది వైరస్ కనుక యాంటీబయాటిక్ పనిచేయదు. పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వకూడదు. జావ, మెత్తటి ఇడ్లీ, పులవని పెరుగుతో అన్నం పెట్టండి. చారు, నిమ్మరసం, పచ్చడి కొన్నాళ్లు పక్కన పెట్టండి. తీవ్రమైన తలనొప్పి, మెడ బిగుసుకోవడం, ఆగని వాంతులు, కడుపునొప్పి, మగత, చెవి వినబడకపోవడం కనిపిస్తే ఆ క్షణమే ఆసుపత్రికి వెళ్లాలి. ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల అబ్బాయిల తండ్రులకు ఒక ప్రత్యేక మాట: ఈ వయసులో వృషణాలు వాచి నొప్పి రావచ్చు, పిల్లలు సిగ్గుపడి చెప్పరు. మీరే అడగండి.

అర్ధవార్షిక పరీక్షల పట్టిక డైరీలో ఉంది, బస్సు రుసుము పదో తేదీలోగా కట్టండి, స్వెట్టర్లు నీలిరంగువే.

బుధవారం ప్రార్థన సమావేశంలో తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకరు మాట్లాడారు. 1963లో అమెరికాలో మారిస్ హిల్లెమన్ అనే శాస్త్రవేత్త కూతురు జెరిల్ లిన్‌కు గవదబిళ్లలు వస్తే, ఆయన ఆ రాత్రే ప్రయోగశాలకు వెళ్లి సామగ్రి తెచ్చి పాప గొంతు నుంచి నమూనా తీశారట. దాని నుంచి తయారైన టీకాకు 1967లో అనుమతి వచ్చింది, ఆ వైరస్ రకానికి ఇప్పటికీ ఆ పాప పేరే. మైకు ముందు ఒక్క కాగితం లేకుండా చెప్పింది. ఒకటో తరగతి పిల్లలు కూడా కదలకుండా విన్నారు. ఇదంతా ఎక్కడ చదివావమ్మా అని అడిగితే ‘మన లైబ్రరీలోనే మేడమ్’ అంది.

ఆ మాట నాకు ఎంత బలమిచ్చిందో చెప్పలేను. ఆ గదిలో రెండు అల్మారాలు ఉన్నప్పుడు ‘ఈ రోజుల్లో పుస్తకాలెందుకు’ అన్నవారు మీలోనే ఉన్నారు. ఇప్పుడు పదకొండు అల్మారాలు. జబ్బు చేసిన పిల్లవాడికి చేతిలో ఫోను పెట్టి గది తలుపు వేయడం సేవ కాదు. కళ్లు మండుతాయి, తల బరువెక్కుతుంది, నిద్ర చెడుతుంది. అదే మంచం పక్కన కూర్చుని అమ్మో తాతయ్యో అరగంట కథ చదివి వినిపిస్తే ఆ బిడ్డ జ్వరాన్ని మరిచిపోయి కథను గుర్తుపెట్టుకుంటుంది. నేనలా విన్న కథలు యాభై ఏళ్లయినా నాతోనే ఉన్నాయి. అందుకే ఈ వారం నుంచి, రెండు రోజులకు మించి ఇంట్లో ఉన్న ప్రతి బిడ్డకూ మూడు పుస్తకాల సంచి పంపుతాం. తిరిగి వచ్చాక వారం రోజులు విడిగా పెట్టి, ఆ తర్వాతే అల్మారాలోకి చేరుస్తాం. చదివి వినిపించే బాధ్యత మీది. తీరిక లేదనకండి.

మొదటి సంచి ఐదో తరగతి బాబుకు వెళ్లింది. నిన్న వాళ్ల నాయనమ్మగారు ఫోను చేసి, రెండు పుస్తకాలు అయిపోయాయి, ఇంకా ఉన్నాయా అని అడిగారు. వాపు తగ్గుతోందట. సోమవారం ఆ బాబు తరగతికి వస్తాడు. పిల్లలు వాడి పక్కన కూర్చోవడానికి జంకకుండా ఇంట్లో ముందే చెప్పి పంపండి. టీకా కార్డు నకలు శనివారంలోగా క్లాసు టీచరుకు అందాలి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు